ఏ తవిటమ్మకి?

అనగనగా అంటే ఎప్పుడని మాత్రం అడక్కండి. మీ తాత వాళ్ళ తాత ఇంకా బోర్లా పడని రోజులనుకోండి. ఊఁ కొట్టేవాళ్ళు ముందుకి రండి, కునికేవాళ్ళు గోడకి చేరండి. మధ్యలో ఎవరైనా అడ్డొస్తే కథ ఆపేసి లేచిపోతాను. ముందే చెప్తున్నా, తర్వాత నన్ననుకుని లాభం లేదు.

ఒక కొండ ఉండేది. కొండ కింద మూడు ఊళ్ళు. ఏటి ఒడ్డున ఉన్నది ఏటూరు. మామిడితోటల్లో ఉన్నది తోటూరు. కొండ మొదట్లో రాళ్ళ మధ్య ఉన్నది రాళ్ళూరు. ఆ మూడు ఊళ్ళవాళ్ళూ పులికి భయపడేవాళ్ళు కాదు, వరదకి భయపడేవాళ్ళు కాదు, మాటకి భయపడేవాళ్ళు. దీపం ఆరిపోయిందని ఎవరూ అనరు, కొండెక్కింది అంటారు. బియ్యం అయిపోయాయని అనరు, నిండుకున్నాయి అంటారు. గడప దాటేటప్పుడు వెళ్తున్నా అనరు, వెళ్ళొస్తా అంటారు. మనం మాత్రం తక్కువ తిన్నామా, మనమూ అంతే. ఎందుకంటే పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. మనం ఏ మాటంటే ఆ మాటకి తథాస్తు అనేసి పోతారు. మంచిదా, చెడ్డదా అని చూడరు. అదే వాళ్ళ పని.

ఏటూర్లో తవిటమ్మ అని ఒకావిడ ఉండేది. ఆమెకి ముందు పుట్టినవాళ్ళు ముగ్గురు. ముగ్గురూ పాలు మరవకముందే పోయారు. నాలుగోది పుట్టగానే వాళ్ళమ్మ ఏం చేసిందంటే, పిల్లని చేటలో పడుకోబెట్టి పక్కింటి ముసలమ్మకి ఇచ్చేసి, మళ్ళీ చేటెడు తవుడు పోసి కొనుక్కుంది. తవుడు పోసి కొన్న పిల్లని ఎత్తుకుపోయి ఏం చేసుకుంటాంలే అని చావు కూడా వదిలేస్తుందట. అలా తవిటమ్మ అయింది. నిజంగానే బతికింది.

బతికింది గానీ ఊరుకునే పిల్ల కాదు. మాటలొచ్చిన దగ్గర్నుంచీ అన్నీ అడిగేది. ఒకరోజు వాళ్ళమ్మ చేపలు తోముతుంటే పక్కన చతికిలబడి అడిగింది.

"అమ్మా, నా ముందోళ్ళు ఏమయిపోయారే?"

"పోయారే."

"ఏటొచ్చి పోయారు?"

"జొరమొచ్చి."

"ఏ జొరం?"

"జొరమంటే జొరమే. ఏ జొరమేటి, నీ తలకాయ."

"చలేసి వచ్చిందా? ఒళ్ళు పేలి వచ్చిందా? దగ్గుతో వచ్చిందా?"

వాళ్ళమ్మ చేప పక్కన పెట్టింది. "ఎవరడిగారే," అంది.

ఆ మాట పిల్లకి గుచ్చుకుని ఉండిపోయింది. ముగ్గురు పిల్లలు పోయారు, ఏ జొరమో ఎవరూ అడగలేదు.

తవిటమ్మ పెద్దదయింది. పెళ్ళయింది, మొగుడు పోయాడు, పిల్లల్లేరు. కడుపు నింపుకోవాలి కదా, ఉప్పు అమ్మడం మొదలుపెట్టింది. ఏటూరికి పడవలో ఉప్పు దిగేది. తట్ట నెత్తిన పెట్టేది, చెంగు నడుముకి చుట్టేది, కొండెక్కేది. పైన గూడేల్లో ఉప్పిచ్చి, చింతపండూ కుంకుడుకాయలూ తెచ్చుకునేది. దారిలో తోటూరు, రాళ్ళూరు తగిలేవి. అందరింటా మజ్జిగ తాగేది, అందరినీ ఏదో ఒకటి అడిగేది. "ఉప్పు చారెడు, ప్రశ్నలు బారెడు" అని ఎగతాళి చేసేవాళ్ళు. ఆమె నవ్వేసి మరొకటి అడిగేది.

కొండ మీద కూర్మన్న అని వైద్యుడుండేవాడు. మంచి వైద్యుడు, చెడ్డ కోపిష్టి. వయసులో ఉన్నప్పుడు మూడు ఊళ్ళూ తిరిగి నాడి చూసేవాడు. తర్వాత మోకాళ్ళు పట్టేశాయి, కొండ దిగడం మానేశాడు. ఊళ్ళవాళ్ళు బాగా జబ్బు చేసినవాళ్ళని డోలీ కట్టి పైకి మోసుకెళ్ళేవాళ్ళు. చిన్నా చితకా జబ్బులకి డోలీ ఎవరు కడతారు? తవిటమ్మ ఎలాగూ పైకెళ్తుంది కదా, ఆమెకి చెప్పి పంపేవాళ్ళు. ఆమె చెప్పింది విని ఆయన పొట్లం కట్టి ఇచ్చేవాడు.

మొదటిసారి చెప్పి పంపింది తోటూరు పైడయ్య. రొమ్ము పట్టుకుని కూర్చున్నాడు. "గుండెల్లో నొప్పని చెప్పక్కా, ఏదైనా ఇస్తాడు," అన్నాడు.

తట్ట నెత్తిన పెట్టింది, చెంగు నడుముకి చుట్టింది, కొండెక్కింది. "కూర్మన్న మామా, పైడయ్యకి గుండెల్లో నొప్పట."

కూర్మన్న కల్వంలో ఏదో నూరుతున్నాడు. తలెత్తలేదు. "నొప్పంటే?"

"నొప్పంటే నొప్పే."

"అలాగా. ఉప్పు ఎక్కడ దొరుకుతుందని నన్నెవరైనా అడిగితే భూమ్మీద దొరుకుతుందని చెప్తా, సరేనా?" నూరే పొత్రం పక్కన పెట్టాడు. "మంటా? పోటా? పట్టేసినట్టుందా? తిన్నాక వస్తుందా, తినకముందా? ఇవేవీ తెలీకుండా మందెలా ఇస్తానే? గవ్వలేసి చూడనా?"

తవిటమ్మకి సిగ్గేసింది. మందు ఇవ్వనందుకు కాదు. ఇన్ని అడిగే తను, అడగాల్సినచోట అడగలేదని. వట్టి చేతుల్తో దిగింది, పైడయ్యని అడిగింది. మంటట. రాత్రి చల్దన్నంలోకి పండుమిరపకాయల పచ్చడి, పొద్దున్నే మళ్ళీ అదే పచ్చడి. మళ్ళీ ఎక్కింది. కూర్మన్న జీలకర్ర పొడి ఇచ్చి, పచ్చడి జాడీ వేరే ఇంట్లో దాచమన్నాడు. పైడయ్య మందు వేసుకున్నాడు. జాడీ మాత్రం దాచలేదనుకోండి, ఆ కథ వేరు.

ఆ రోజునుంచి తవిటమ్మకి ఒక పిచ్చి పట్టింది. కనబడ్డవాళ్ళందరినీ నీకెలా నొప్పెడుతుందని అడగడమే పని. బట్టలుతికేవాడు చెప్పాడు, భుజం పిండేసినట్టు ఉంటుందని. నేతగాడు చెప్పాడు, వేళ్ళు తిమ్మిరెక్కి జివ్వుమంటాయని. కల్లు గీసేవాడు చెప్పాడు, పిక్కలు లాగుతాయని. సలుపు వేరు, పోటు వేరు, తీపు వేరు. కడుపు ఉబ్బరించడం వేరు, కడుపులో దేవడం వేరు. నడుం కలుక్కుమనడం వేరు, నడుం పీకడం వేరు. ఒక నొప్పికి ఇన్ని పేర్లా అని ఆమెకే ఆశ్చర్యం. కొండెక్కి ఒక్కొక్క మాటా కూర్మన్నకి చెప్పేది. ఆయన విసుక్కుంటూనే, ఏ మాటకి ఏ మందో చెప్పేవాడు. ఇద్దరికీ అదొక ఆట అయిపోయింది.

ఆట అలాగే సాగిపోతే నేనీ కథ చెప్పేదాన్ని కాదు. వినండి.

రాళ్ళూర్లో ఆదెమ్మ అని కొత్త కోడలు. ఏడో నెల. వాళ్ళత్త నూకాలు. ఒకరోజు తవిటమ్మ ఉప్పు తట్టతో అటుగా పోతుంటే నూకాలు గుమ్మంలో నిలబడి పిలిచింది.

"వదినా, మా కోడలికి కడుపు నొప్పే. మందు పట్రా."

"ఏ నొప్పి వదినా? పోటా, దేవుతోందా?"

"కడుపు నొప్పేనమ్మా. పచ్చి మావిడికాయలు తిన్నాది."

"లోపలికొచ్చి ఆదెమ్మని అడగనా?"

"దాన్నేటి అడిగేది, నేను చెప్తున్నాను కదా. నువ్వు వేగిరం వెళ్ళు."

అత్తగారు చెప్పింది, గుమ్మానికి అడ్డంగా నిలబడి చెప్పింది. తవిటమ్మ సరేనంది. తట్ట నెత్తిన పెట్టింది, చెంగు నడుముకి చుట్టింది, కొండెక్కింది. కడుపు నొప్పి, మామిడికాయలు తింది అని చెప్పింది. కూర్మన్న శొంఠి, వాము కలిపి పొట్లం కట్టాడు. అజీర్తికి అదే మందు, అందులో తప్పేం లేదు.

తవిటమ్మ దిగేసరికి రాళ్ళూర్లో ఏడుపులు వినబడుతున్నాయి. ఆదెమ్మకి నెలలు నిండకుండానే కాన్పయింది. మంత్రసానిని పిలిచేలోపే అయిపోయింది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. తవిటమ్మ చేతిలో వాము పొట్లం అలాగే ఉండిపోయింది.

కొన్నాళ్ళకి ఆదెమ్మ లేచి కూర్చోగలిగింది. తవిటమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. ఆ పిల్ల గోడకేసి చూస్తూ అంది.

"నొప్పి కాదు పెద్దమ్మా. నొప్పులు. వచ్చేవి, పోయేవి, మళ్ళీ వచ్చేవి. నన్నెవరూ అడగలేదు."

చూశారా, నొప్పి అంటే ఒకటి, నొప్పులు అంటే ఒకటి. మధ్యలో ఎంతుంది? నోట్లో చిన్న విరుపు. ఆ విరుపులో ఒక పసిప్రాణం పోయింది.

తవిటమ్మ బయటికొచ్చి నూకాల్ని పట్టుకుంది. కోపంగానే పట్టుకుంది. "వదినా, నీకు తెలుసు కదా, నలుగుర్ని కన్నావు. నొప్పులని ఎందుకు చెప్పలేదు?"

నూకాలు గుమ్మంలోనే కూలబడింది. "ఏడో నెల్లో నోటితో ఆ మాట ఎలాగ అంటాను వదినా? నొప్పులంటే, పైనోళ్ళు తథాస్తు అంటే, నిజంగా అయిపోవా? అందుకే నొప్పన్నాను. మంచికే అన్నాను. నా మనవడు కాడా?" చీర కుచ్చిళ్ళలో మొహం పెట్టుకుని ఏడ్చింది. తవిటమ్మ కూడా పక్కన కూర్చుని ఏడ్చింది.

ఆమెకి చిన్నప్పటి మాట గుర్తొచ్చింది. ఎవరడిగారే. ఈసారి అడిగింది తనే. అడిగింది గానీ ఒళ్ళు నొప్పెట్టేవాళ్ళని అడగలేదు. అప్పట్నుంచీ ఎవరి గుమ్మంలోకెళ్ళినా ఒకటే మాట. "ఇంటోళ్ళు కాదమ్మా, ఒంటోళ్ళు చెప్పాలి." అంటే, ఎవరి ఒంట్లో నొప్పో వాళ్ళే చెప్పాలని. మజ్జిగిచ్చినా సరే, తలుపేసినా సరే, మంచం దగ్గరికి వెళ్ళందే కదిలేది కాదు.

కాలం ఆగుతుందా, ఆదెమ్మ మళ్ళీ నీళ్ళోసుకుంది. మళ్ళీ ఏడో నెల వచ్చింది. మళ్ళీ ఒకరోజు నూకాలు గుమ్మంలో నిలబడింది. ఈసారి పిలవలేదు, అడ్డం కూడా నిలబడలేదు. దారి వదిలింది.

తవిటమ్మ తట్ట దింపి లోపలికెళ్ళింది. ఆదెమ్మ నులకమంచం మీద ముడుచుకుని పడుకుంది. నుదురంతా చెమట.

"ఏటమ్మా ఆదెమ్మా, ఎలాగుంది?"

"ఏం లేదు పెద్దమ్మా. బాగానే ఉంది."

"ఏం లేకపోతే పెదవెందుకు కొరుక్కుంటున్నావు?"

ఆదెమ్మ కళ్ళు పైకప్పు వైపు తిప్పింది. అప్పుడర్థమైంది తవిటమ్మకి. ఈ పిల్ల కూడా పైనున్నవాళ్ళకే భయపడుతోంది. నోటితో అంటే ఈ బిడ్డ కూడా పోతుందని భయం. అనకపోతే మందు లేదు. అంటే తథాస్తు. ఎటుపోయినా గొయ్యే.

తవిటమ్మ మంచం పక్కన కూర్చుని ఆదెమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"సరే, నువ్వేమీ అనొద్దు. నేనంటాను. నాకొచ్చిందనే అంటాను. తథాస్తు అంటే నన్నే అంటారు. నన్నేం చేస్తారే? తవుడు పోసి కొన్న మనిషిని, నా జోలికి రారు. నీకు సరైన మాట తగిలినప్పుడు నా చెయ్యి నొక్కు, చాలు."

పైకి చూసి, గట్టిగా, అందరికీ వినబడేలా అంది. "నాకు కడుపులో దేవుతోంది." ఆదెమ్మ చెయ్యి కదల్లేదు.

"నాకు కడుపు ఉబ్బరంగా ఉంది." చెయ్యి కదల్లేదు.

"నాకు నొప్పులు. వస్తున్నాయి, పోతున్నాయి, మళ్ళీ వస్తున్నాయి." ఆదెమ్మ ఆ చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందంటే తన చేతి గాజే చిట్లింది.

పెళ్ళయిన ఏడాదికే మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి, ఒక్క కాన్పు ఎరగని మనిషి, జుట్టు నెరిసిన మనిషి, తనకి నొప్పులొస్తున్నాయని పైకప్పుకి చెప్తోంది. గుమ్మంలో నూకాలు నవ్వలేదు. ఎవరూ నవ్వలేదు.

తట్ట అక్కడే వదిలేసింది. చెంగు నడుముకి చుట్టింది, కొండెక్కింది. ఊపిరందకుండా ఎక్కింది.

"మామా, నాకు నొప్పులు. ఏడో నెల."

కూర్మన్న పొత్రం ఆగిపోయింది. ఆమెని పైనుంచి కిందికి చూశాడు. కోపిష్టే గానీ మొద్దు కాదు. మెల్లిగా అడిగాడు. "ఏ తవిటమ్మకి?"

"రాళ్ళూరు తవిటమ్మకి."

ఆయనకి తెలిసిపోయింది. ఇంకేమీ అడగలేదు. పాలలో కలిపి తాగించమని పొడి ఇచ్చాడు. మంచం దిగనివ్వొద్దన్నాడు, బరువెత్తనివ్వొద్దన్నాడు, మంత్రసానిని ఆ ఇంట్లోనే పడుకోమన్నాడు. తవిటమ్మ వచ్చినంత వేగంగా దిగింది. పొడి పనిచేసిందో, పడక పనిచేసిందో, తథాస్తు దేవతలు ఆ పూట వేరే ఊరు పోయారో నాకు తెలీదు. నొప్పులు ఆగాయి. నెలలు నిండాయి. ఆడపిల్ల పుట్టింది. నల్లగా, బొద్దుగా, మూడు ఊళ్ళకి వినబడేలా ఏడ్చే పిల్ల.

ఇంకేముంది, మూడు ఊళ్ళవాళ్ళకీ దారి దొరికింది. ఇన్నాళ్ళూ నోటికి రాని మాటలన్నీ బయటికొచ్చాయి. నాకు అనక్కర్లేదు కదా, తవిటమ్మకి అంటే చాలు. ఏటూరు పడవవాడు వచ్చి, "తవిటమ్మకి పంటి పోటు" అనేవాడు. తోటూరు ముసలాయన వచ్చి, "తవిటమ్మకి రాత్రిళ్ళు దగ్గు తెరలు తెరలుగా వస్తోంది" అనేవాడు. కర్రసాము చేసే మీసాలాయన ఒకడు, ఊరంతా హడలిపోయే మనిషి, అటూ ఇటూ చూసి చెవిలో చెప్పాడు, "తవిటమ్మకి విరోచనం కాక మూడ్రోజులయింది" అని. భయమే కాదు, సిగ్గు కూడా పోయింది. ఆమె అవన్నీ నాలిక మీద పెట్టుకుని కొండెక్కేది. "మామా, నాకు పన్ను పోటు" అనేది. "ఏ తవిటమ్మకి?" అనేవాడు ఆయన. "ఏటూరు తవిటమ్మకి." "మామా, నాకు విరోచనం లేదు." "ఏ తవిటమ్మకి?" "మీసాల తవిటమ్మకి." కూర్మన్న జీవితంలో నవ్విన నవ్వులన్నీ ఆ ఏళ్ళలోనే. ఇన్ని రోగాలుండి ఎలా బతికున్నావే అని ఆటపట్టించేవాడు.

అలా రెండు మూడేళ్ళు గడిచాయి. ఇప్పుడు బాగా వినండి. ఊఁ కొట్టకపోయినా పర్లేదు.

ఒకరోజు పొద్దున్న తవిటమ్మ ఏటి ఒడ్డున ఉప్పు తట్టకెత్తుతుంటే రొమ్ములో పోటొచ్చింది. అక్కడ్నుంచి ఎడమచేతిలోకి లాగింది. అరచెయ్యి చల్లబడింది. ఇదేదో కొత్తగా ఉందే అనుకుంది. భయం తర్వాత, ముందు ఆశ్చర్యమే ఆమెకి. పక్కన నీళ్ళు ముంచుతున్న పడవవాడి పెళ్ళాంతో అంది.

"అమ్మీ, నాకు గుండెల్లో పోటుగా ఉందే. చెయ్యి లాగేస్తోంది."

"అయ్యో పాపం, ఎవరికో. వేగిరం కొండెక్కు పెద్దమ్మా, ఉప్పు నేను చూస్తాలే."

తవిటమ్మ ఏదో చెప్పబోయింది. ఆ పిల్ల అప్పటికే తట్ట తీసుకుంది. సరే, పైకెళ్తే మామ ఉన్నాడు కదా అని నడిచింది. తోటూర్లో పైడయ్య తోటకి కంచె కడుతున్నాడు.

"పైడయ్యా, నాకు గుండెల్లో పోటురా."

"మంటా, పోటా?" అన్నాడు. తనకొకప్పుడు నేర్పిన పాఠం కదా. "పోటైతే ఆలస్యం చెయ్యకక్కా. ఎవరో పెద్దాయన అయ్యుంటాడు. ఎక్కు, ఎక్కు."

రాళ్ళూరు చేరేసరికి గోడ పట్టుకుని నడుస్తోంది. ఆదెమ్మ ఎదురొచ్చింది, చంకలో కూతురు.

"ఆదెమ్మా, నాకేనే గుండెల్లో పోటు. నాకే."

ఆదెమ్మ ఆప్యాయంగా నవ్వింది. "నువ్వెప్పుడూ అలాగే అంటావు కదా పెద్దమ్మా. మా అందరిదీ నీ మీదేసుకుంటావు. ఇదిగో, మజ్జిగ తాగి ఎక్కు. ఎవరైతేనేం, ప్రాణం కదా, నువ్వెళ్తే దక్కుతుంది."

తవిటమ్మ ఆ పిల్ల మొహం చూసింది. చంకలో పాప బుగ్గ చూసింది. మజ్జిగ తాగింది. వెళ్ళొస్తా అంది.

నెత్తిన తట్ట లేదు. చెంగు నడుముకి చుట్టింది. కొండెక్కింది. రాయి రాయికీ ఆగింది, మళ్ళీ ఎక్కింది. మూడు ఊళ్ళు, ముగ్గురు మనుషులు, ముగ్గురూ ప్రేమగానే చెప్పారు, వేగిరం ఎక్కమని. కూర్చోమన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

కూర్మన్న ఎప్పట్లా నూరుతున్నాడు. తలెత్తలేదు.

"మామా, నాకు గుండెల్లో పోటు. ఎడమచేతిలోకి లాగుతోంది."

"ఏ తవిటమ్మకి?"

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆయన మళ్ళీ అడిగాడు. "ఏ తవిటమ్మకే?"

తవిటమ్మ చెయ్యి తన రొమ్ము మీద పెట్టుకుంది. "ఈ తవిటమ్మకి."

కూర్మన్న చేతిలో పొత్రం జారిపోయింది. మోకాళ్ళు మాట వినని మనిషి, పాక్కుంటూ వచ్చాడు. ఆమెని గోడకి ఆనించాడు, నాలిక మీద మందు రాశాడు, నాడి పట్టుకున్నాడు.

"ఈ కొండెందుకు ఎక్కావే? కదలకుండా పడుకుని నాకు కబురు పెట్టాల్సింది కదా."

"నా కబురు తెచ్చేది నేనే కదా మామా," అంది. కొంచెం నవ్వింది కూడా. తర్వాత కనుబొమలు ముడిచి, ఎప్పట్లాగే అడిగింది. "మామా, పోటు పోయింది. ఇప్పుడింకోలా ఉంది. నెత్తిన తట్ట ఎవరో దింపినట్టుంది. దీన్నేమంటారు?"

అన్ని మాటలు తెలిసిన కూర్మన్నకి ఆ మాట తెలీలేదు. ఏదో చెబుదామని నోరు తెరిచేసరికి ఆమె వినడం లేదు. దీపాలకి మాత్రమే వాడే మాట మనం మనిషికి వాడమనుకోండి. ఆ మూడు ఊళ్ళలో మాత్రం ఈ రోజుకీ అలాగే అంటారు, తవిటమ్మ కొండెక్కింది అని.

కూర్మన్న గూడెంవాళ్ళ చేత డోలీ కట్టించుకున్నాడు. అన్నేళ్ళ తర్వాత కొండ దిగాడు. ముందు డోలీలో తవిటమ్మ, వెనక డోలీలో ఆయన. మూడు ఊళ్ళూ రాళ్ళూర్లో పోగయ్యాయి. ఆయన తిట్టలేదు. ఒక్కటే అడిగాడు.

"ఏ తవిటమ్మకి అని మీలో ఒక్కరైనా అడిగారా?"

పడవవాడి పెళ్ళాం తల దించుకుంది. పైడయ్య తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆదెమ్మ నేల మీద పడి, "నాకే అంది, నాకే అని రెండుసార్లు అంది, నేను మజ్జిగిచ్చి కొండెక్కించాను" అని గుండెలు బాదుకుంది. ఎవరికీ ఆమెని ఊరుకోబెట్టడం చేతకాలేదు. అందరిదీ అదే ఏడుపు కదా.

ఆ తర్వాత ఎన్ని తరాలు వచ్చాయో, ఎన్ని పోయాయో. కూర్మన్న లేడు. డోలీలు లేవు. ఇప్పుడు రోడ్డు పడింది, ఆస్పత్రి వచ్చింది, మందుబిళ్ళలు వచ్చాయి. తథాస్తు దేవతలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నారు. అందుకే ఆ మూడు ఊళ్ళలో ఈ రోజుకీ ఎవరూ నాకు జొరమొచ్చింది అనరు. తవిటమ్మకి జొరమొచ్చింది అంటారు. మగవాళ్ళూ అంతే, మీసాలున్నవాళ్ళూ అంతే. అయితే ఆ మాట ఎవరి చెవిన పడినా, చేతిలో ఎంత పనున్నా, నట్టింట్లో పెళ్ళి జరుగుతున్నా, ఆగి అడగాలి, "ఏ తవిటమ్మకి?" అని. అడక్కపోతే మహా పాపమంటారు. అడిగితే, ఒంట్లో బాగోలేని మనిషి ఎక్కడ నొప్పెడుతుందో అక్కడ చెయ్యి పెట్టుకుని చెప్పాలి, "ఈ తవిటమ్మకి" అని. అప్పుడు కూర్చోబెడతారు. తర్వాత మంటా, పోటా, సలుపా అని అడుగుతారు. కొత్తగా వచ్చిన డాక్టర్లు మొదట్లో తికమకపడి, ఇంతమంది తవిటమ్మలా అని నోరెళ్ళబెడతారట. నెల తిరక్కుండా వాళ్ళే అడగడం మొదలుపెడతారట.

అదర్రా సంగతి. కథ నిండుకుంది.

ఏమిటి, అప్పుడే లేచిపోతున్నారు? నిన్నటినుంచి తవిటమ్మకి మోకాలు ఒకటే సలుపు. మెట్టు దిగుతుంటే కలుక్కుమంటోంది కూడా.

ఇంత కథ విన్నారు. ఒక్కరైనా అడుగుతారేమోనని చూస్తున్నా.